నారుకు వెలుగు, నీటితొట్టికి చీకటి

మొక్కలును, పాచియును నీలికాంతిని గుర్తించు విధము – దానివలన రైతు నేర్చుకొనదగిన సంగతులు

రచన: ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)



మదనపల్లె టమోటా మండీకి ఒక్కమారైనను పోయివచ్చిన వారికి ధరల ఆటుపోట్లను గురించి వేరుగ చెప్పనక్కరలేదు. 2023 జూలైలో అచ్చట కిలో టమోటా ధర 100 రూపాయలు దాటినది. కోతకూలి కూడ రాక కాయలను రోడ్డుప్రక్కన పారబోసిన దినములను సయితము మనము చూచియున్నాము. కావున టమోటా రైతునకు పది పదిహేను దినముల ఆలస్యమన్నచో చిన్నమాట కాదు. ఆ ఆలస్యము అనేక పర్యాయములు తోటలో గాక నారుమడిలోనే మొదలగుచున్నది. ఎట్లన, వినుడు.

నేను పుంగనూరు ప్రాంతమున పనిచేయుచున్న కాలములో ఒక రైతు మాఘమాసమున ట్రేలలో టమోటా నారు పోసెను. పగటి ఎండకు వాడునేమో, రాత్రి మంచుకు దెబ్బతినునేమో యను భయముతో పశువుల కొట్టము ప్రక్కనున్న చావడిలో ట్రేలనుంచి, పైన ఆకుపచ్చ నీడవలను రెండు మడతలుగా కట్టెను. ఇరువది దినములకే నారు జానెడెత్తు లేచినది. నేను ఆ దారిన పోవుచు చూచి, “నారు బాగుగ ఎదిగినది” అని మెచ్చుకొంటిని. అతడు సంతోషించి నాటివేసెను. మూడవనాడు ఎండగాలి తగిలెను. దారమువలె సన్నగానున్న కాండములు నేలకొరిగిపోయినవి. సగమునకు పైగా మొక్కలు మరల లేవలేదు. తిరిగి విత్తనము కొని, నారుపోసి, నాటుసరికి నెల గడచిపోయినది. ముందుకాపు ధర అతనికి దక్కలేదు.

ఆ నారును చూచి మెచ్చినవాడను నేనే గనుక, తప్పులో నాకును భాగము కలదు. ఎత్తును చూచితిని గాని, ఆ ఎత్తు ఎందువలన వచ్చినదని ఆలోచింపనైతిని. ఆ నారు బలముగా ఎదుగలేదు. వెలుగును వెదకికొనుచు సాగిపోయినది. ముఖ్యముగా దానికి కొరవడినది సూర్యకాంతిలోని నీలిభాగము. ఈ నీలికాంతిని మొక్క ఏవిధముగ గుర్తించును, గుర్తించి ఏమి చేయును అను సంగతి తెలిసికొన్నచో ఇట్టి నష్టములు చాలవరకు తప్పించుకొనవచ్చును.

మొక్కకు కన్ను కలదా?

వర్షము వెలసినపుడు ఆకసమున ఇంద్రధనుస్సు కనబడును గదా. మనకు తెల్లగ తోచు ఎండ నిజమునకు ఆ రంగులన్నిటి కలయిక. అందు 400 నుండి 500 నానోమీటర్ల అలపొడవు గల భాగము ఊదా, నీలి కాంతులు. ఒక నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. మొక్క ఆహారము తయారుచేసికొనుటకు నీలి, ఎరుపు కాంతులను హెచ్చుగా వాడుకొనును. ఆహారమునకే గాక, తన చుట్టు ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకును మొక్క నీలికాంతిని ఆధారము చేసికొనుచున్నది.

ఇంటి వసారాలో నుంచిన తులసికుండీని చూడుడు. కొమ్మలన్నియు వాకిలి వైపునకు వంగియుండును. కుండీని త్రిప్పియుంచినచో కొన్నాళ్లకు మరల వాకిలి వైపునకే తిరుగును. ఇది మన తాతల నాటినుండి అందరెరిగినదే. దీని కారణమును వెదకినవారిలో జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు జూలియస్ సాక్స్ ఒకడు. అతడు 1864లో రంగునీళ్ల గుండ కాంతిని పంపి చూచి, మొక్కను వంచునది నీలిభాగమేనని కనుగొనెను. 1880లో ఇంగ్లండు దేశమున చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలసి ఒక జాతి గడ్డిమొలకలపై పరీక్షలు జరిపెను. మొలక కొనకు చిన్న టోపీ తొడిగినచో అది వంగలేదు. కొనను విడిచి క్రిందిభాగమును కప్పినచో యథాప్రకారముగ వంగినది. వెలుగును గుర్తించుచున్నది కొన. వంగుచున్నది దాని దిగువభాగము. కావున కొననుండి క్రిందికి ఏదో వార్త పోవుచున్నదని వారు నిశ్చయించిరి.

ఆ వార్తను మోయు పదార్థమును హాలెండు దేశీయుడగు ఫ్రిట్స్ వెంట్ 1928లో పరీక్షల మూలమున చూపెను. దానిని ఆక్సిన్ అందురు. వెలుగు ఒకవైపునుండి పడినపుడు ఆక్సిన్ నీడవైపునకు చేరును. నీడవైపు కణములు ఎక్కువగ సాగును. వెలుగువైపు తక్కువగ సాగును. బండికి ఒకవైపు ఎద్దు వడిగ నడచి, రెండవవైపు ఎద్దు మెల్లగ నడచినచో బండి మెల్లగ నడచు ఎద్దువైపునకు తిరుగును గదా! మొక్క వెలుగువైపునకు తిరుగుటయు అట్టిదే.

ఇక వెలుగును పట్టుకొను ‘కన్ను’ ఏదో తెలియుటకు మరికొంత కాలము పట్టినది. ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కపై పరిశోధించి, అమెరికా శాస్త్రజ్ఞులు 1993లో ఒక మాంసకృత్తు జన్యువును, 1997లో మరొక మాంసకృత్తు జన్యువును కనుగొనిరి. మొదటిదానిని క్రిప్టోక్రోమ్ అనియు, రెండవదానిని ఫోటోట్రోపిన్ అనియు పిలుచుచున్నారు. ఈ రెండింటిలోను నీలికాంతిని పీల్చుకొను పసుపువన్నె పదార్థము గలదు. అది మన ఆహారములోని బి2 విటమినునుండి ఏర్పడునట్టిదే. నీలికాంతి తగిలిన వెంటనే ఈ మాంసకృత్తు ఆకారము కొద్దిగ మారును. తాళములో చెవి తిరిగినట్లు, ఆ మార్పుతో కణములోని పనులు ఒకదాని వెంట నొకటి ప్రారంభమగును.

హైదరాబాదులో వంగని టమోటా

ఈ పరిశోధనలన్నియు ఎచ్చటనో పరదేశములలో, మనకు పనికిరాని మొక్కలమీద జరిగినవని తలపవలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందలి శాస్త్రజ్ఞులు మన టమోటా మొక్కమీదనే ఈ పని చేసియున్నారు. నీలికాంతి ఒకవైపునుండి పడుచున్నను వంగని ఒక టమోటా నారును వారు కనిపెట్టి, 2014లో దాని వివరములు ప్రకటించిరి. దానికి ‘వెలుగు వైపు వంగని నారు’ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ మొక్కలో ఫోటోట్రోపిన్ మాంసకృత్తునందు ఒకేఒక్క చోట చిన్న మార్పు జరిగియున్నది. ఆ ఒక్క మార్పు వలన మంద నీలికాంతికి మొక్క వంగకపోవుటయే గాక, ఆకుల రంధ్రములు సరిగా తెరచుకొనలేదు. ఆకులోని పచ్చని రేణువులు వెలుగుకు చేరవలసినట్లు చేరలేదు. ఒక్క ‘కన్ను’ చెడినచో మొక్కకు ఎన్ని పనులు చెడునో దీనివలన తెలియుచున్నది.

వింతయేమన, అట్టి మొక్క కాయలలో ఎరుపు, పసుపు వన్నెల నిచ్చు కెరొటినాయిడు పదార్థములు సాధారణపు కాయలలోకంటె హెచ్చుగ నుండినట్లు 2021లో అదే విశ్వవిద్యాలయమువారు తెలిపిరి. ఇటలీలో 2005లో ప్రకటింపబడిన పరిశోధనలో మరియొక ‘కన్ను’ అగు క్రిప్టోక్రోమును టమోటాలో హెచ్చుచేసి చూచిరి. ఆ మొక్కలు పొట్టిగా పెరిగి, కాయలలో లైకోపీన్ అను ఎరుపు పదార్థము ఎక్కువైనది. కాబట్టి నారు పొడవు మొదలు కాయ రంగు వరకు ఈ నీలికాంతి వ్యవహారముతో సంబంధము కలదని తెలియుచున్నది.

నీలికాంతి మొక్కచేత చేయించు పనులు

మొదటిది, వంపు. మొక్క వెలుగు వచ్చు దిక్కునకు తిరుగును. దీనిని పైన చెప్పితిని.

రెండవది, కాండమునకు పగ్గము. నీలికాంతి బాగుగ తగులుచున్నంత వరకు క్రిప్టోక్రోమ్ కాండమును అతిగ సాగనీయదు. నీలికాంతి తగ్గినపుడు మొక్క ‘నేను నీడలో నున్నాను, పైకి పోవలెను’ అని భావించినట్లు ప్రవర్తించును. వేళ్లకు, ఆకులకు పోవలసిన ఆహారమును కాండము సాగుటకే వెచ్చించును. పుంగనూరు రైతు నారుకు జరిగినది ఇదియే.

మూడవది, ఆకుల తలుపులు తెరచుట. ఆకు అడుగున కంటికి కనబడని రంధ్రములు గలవు. ఒక్కొక్క రంధ్రమునకు రెండు కావలి కణములుండును. ఉదయపు వెలుతురులోని నీలికాంతి తగలగానే ఆ కణములలోనికి పొటాషియము చేరును. దానివెంట నీరు చేరును. కణములు ఉబ్బి రంధ్రము తెరచుకొనును. అప్పుడు గాలి లోనికి పోయి ఆహారపు తయారీ మొదలగును. పొటాషు ఎరువు కొరవడిన పైరు నీటి ఎద్దడికి త్వరగ లొంగిపోవుటకు ఇదియు ఒక కారణము.

నాలుగవది, పచ్చని రేణువుల నడక. వెలుగు తక్కువైనపుడు ఆకు కణములలోని పచ్చని రేణువులు వెలుగు బాగుగ తగులు పైభాగమున పరచుకొనును. మిట్టమధ్యాహ్నపు తీవ్రమైన ఎండలో అవి కణపు ప్రక్కగోడలను చేరి దాగుకొనును. చలిలో ఎండకు వీపు చూపి, వేసవిలో చెట్టునీడ చేరు మన అలవాటు వంటిదే ఇది. అట్లు దాగుకొనలేని మొక్కలు తీవ్రకాంతికి త్వరగ చెడిపోవునని 2002లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అయినను ఈ ఏర్పాటుకు ఒక హద్దు కలదు. నెలదినములు నీడలో పెరిగిన నారును ఒక్కమారుగ ఎండలో నాటినచో అది తట్టుకొనలేదు.

పాచికిని కన్ను కలదు

మీ నీటితొట్టిలోని పచ్చని పాచి కూడ మొక్కల చుట్టమే. పాచిజాతులు వేలకొలది కలవు. వానిలో క్లామిడోమోనాస్ అనునది ఒకే కణముతో నుండు సూక్ష్మజీవి. మిల్లీమీటరులో నూరవ వంతు ప్రమాణము గలిగి, రెండు సన్నని తోకలవంటి వానితో ఈదుచుండును. దాని ఒంటిమీద నారింజవన్నె చుక్క ఒకటి గలదు. ఆ చుక్క వద్దనే నీలి, నీలిపచ్చ కాంతులను గుర్తించు మాంసకృత్తు ఉన్నది. అది ఈదునపుడు బొంగరమువలె తిరుగుచు, ఏ వైపునుండి వెలుగు వచ్చుచున్నదో కనిపెట్టి, మందకాంతి అయినచో దానివైపునకును, తీవ్రకాంతి అయినచో దూరముగను పోవును.

ఈ మాంసకృత్తులను 2002, 2003 సంవత్సరములలో జర్మనీ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. పాచి కన్ను మనకెందుకని అనుకొనవచ్చును. ఆ కుటుంబమునకే చెందిన మాంసకృత్తును కంటిలో ప్రవేశపెట్టి, చూపు పోయిన ఒక మనిషికి ప్రత్యేకమైన కళ్లజోడు సాయమున ఎదుటి వస్తువులను కొంతవరకు గుర్తుపట్టగల శక్తిని వైద్యులు తెప్పించినట్లు 2021లో ప్రకటింపబడినది. చెరువు పాచి చూపు మానవుని చూపునకు ఆధారమైనది!

వాకేరియా అను మరియొక పాచి తడినేలలమీద పెరుగును. దాని పోగుపై ఎచ్చట నీలికాంతి తగులునో అచ్చటనే కొమ్మ పుట్టును. ఇందుకు కారణమగు మాంసకృత్తును జపానువారు 2007లో కనుగొనిరి. నీటితొట్లలోని పాచి అంతయు ఈదునది కాదు. పోగులుగా పెరుగునవి, తేలునవి, అంటుకొనునవి అనేకములు. కాని అన్నిటికిని సామాన్యమైన సంగతి ఒకటి కలదు. వెలుగు లేనిదే పాచి పెరుగదు.

ఇంట చేసి చూడదగిన పరీక్ష

చెప్పినమాట నమ్ముటకంటె కన్నులార చూచుట మేలు. ఖర్చు లేని ఈ పరీక్షను మీరును, బడిపిల్లలును చేయవచ్చును. డార్విన్ వాడినది గడ్డిజాతి మొలక. మన రాగియు గడ్డిజాతిదే.

మూడు చెప్పుల అట్టపెట్టెలు తీసికొనుడు. మూడు చిన్న గిన్నెలలో తడిమన్ను పోసి, చారెడు రాగులు చల్లి, ఒక్కొక్క పెట్టెలో ఒక్కొక్క గిన్నె నుంచుడు. మొదటి పెట్టెకు రంధ్రము చేయవలదు. రెండవదానికి ఒక ప్రక్క రూపాయి బిళ్లంత రంధ్రము చేసి, నాటకములలో దీపములకు కట్టు ఎర్ర జిలేటిన్ కాగితమును రెండు మూడు మడతలుగా అంటింపుడు. మూడవదానికి అట్లే రంధ్రము చేసి నీలి జిలేటిన్ కాగితమును అంటింపుడు. మూతలు గట్టిగ మూసి, రంధ్రములు కిటికీ వైపునకు ఉండునట్లు పెట్టుడు. మొలక వచ్చిన మూడు నాలుగు దినములకు తెరచి చూడుడు.

చీకటి పెట్టెలో మొలకలు తెల్లగ, పొడవుగ, నిలువుగ సాగియుండును. నీలికాగితపు పెట్టెలో అవి రంధ్రము వైపునకు స్పష్టముగ వంగియుండును. ఎర్రకాగితపు పెట్టెలో మొలకలకు వెలుతురు అందినను, అట్టి వంపు కనబడదు. వెలుగంతయు ఒక్కటి కాదనియు, దిక్కు చెప్పునది నీలిభాగమనియు అప్పుడు మీకే బోధపడును.

నారుమడిలో పాటింపవలసిన పద్ధతులు

మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో నేడు చాలమంది కొబ్బరిపొట్టు నింపిన 98 గుంటల ట్రేలలో, షేడ్‌నెట్ల క్రింద నారు పెంచుచున్నారు. కొందరు నర్సరీలలో కొనుచున్నారు. పెంచువారును, కొనువారును ఈ క్రింది సంగతులను గుర్తుంచుకొనవలెను.

1. విత్తిన ట్రేలను ఒకదానిపై నొకటి పేర్చి కప్పియుంచుట వాడుకలో నున్నది. ఇది మొలకకు మంచిదే. కాని మొలక తలయెత్తిన నాడే ట్రేలను విడదీసి వెలుగులో పరచవలెను. ఒక్కదినము ఆలస్యమైనను కాండము సాగిపోవును. ఆ సాగిన కాండము మరల పొట్టిది కానేరదు.

2. నీడవల ఒక్క మడత మాత్రమే యుండవలెను. 50 శాతము నీడ నిచ్చునది చాలును. మబ్బు పట్టిన దినములలోను, ఉదయ సాయంకాలములందును వలను తొలగించుట మంచిది. కొన్ని ఆకుపచ్చ వలలు నీలి, ఎరుపు కాంతులను ఎక్కువగ తగ్గించి, చెట్టునీడ వంటి నీడను కలిగించును. క్రొత్తగా కొనువారు తెల్లని లేక నల్లని వలలను గూర్చి కూడ విచారింపవలెను.

3. నారు ఒకే దిక్కునకు వాలుచున్నచో వెలుగు ఒకవైపునుండియే వచ్చుచున్నదని తెలిసికొనుడు. గోడప్రక్కను, చావడిలోను, చింతచెట్టు క్రిందను ట్రేల నుంచరాదు.

4. నారు గుబురుగా నున్నచో పైఆకులు నీలి, ఎరుపు కాంతులను త్రాగివేయును; క్రిందివాటికి అందవు. అప్పుడు మొక్కలు పోటీపడి సాగును. గుంటకొక్క మొక్క చొప్పున నుంచి, ట్రేలను ఎడముగ పెట్టవలెను. నేలమీద నారుపోయువారు విత్తనము పలుచగ, వరుసలలో చల్లవలెను.

5. నాటుటకు 5 మొదలు 7 దినముల ముందునుండి నీడవలను కొంచెము కొంచెముగ తీసివేసి, నీరు తగ్గించి, నారును ఎండకు అలవాటు చేయవలెను. మొదట ఉదయపు ఎండ, తరువాత సగము పూట, కడపట పూర్తి ఎండ.

6. నీడవల వేరు, పురుగులవల వేరు. నీడవలను తీసినను, తెల్లదోమను ఆపు సన్నని నైలాను వలను తీయరాదు. తీసినచో ఆకుముడత వైరసు నారుమడిలోనే తగులుకొనును.

7. నారు సాగుటకు నీలికాంతి కొరత ఒక్కటే కారణమని అనుకొనరాదు. అధిక నత్రజని, అధికమైన నీరు, ముదిరిపోవువరకు ట్రేలలో నుంచుటయు కారణములే. 25 మొదలు 30 దినముల నారు నాటుటకు తగినది.

8. కొంచెముగ సాగిన టమోటా నారును పారవేయనక్కరలేదు. మొదటి ఆకుల దిగువవరకు లోతుగ నాటినచో పూడిన కాండమునుండి వేళ్లు పుట్టును. కాని అంటుకట్టిన నారును ఇట్లు నాటరాదు. అంటు నేలకు పైననే యుండవలెను.

నర్సరీలో నారు కొనునపుడు ఎత్తును చూడకుడు. కాండము పెన్సిలు ములుకువలె గట్టిగ నున్నదా, ఆకులు దగ్గరదగ్గరగ నున్నవా, చేతితో మెల్లగ నిమిరి విడిచినచో నారు మరల నిలబడుచున్నదా అని చూడుడు.

నీటితొట్టిని కప్పుడు

కుప్పము ప్రాంతమునకు బిందుసేద్యము క్రొత్తది కాదు. 1990 దశకపు చివర ఇజ్రాయెల్ దేశపు సాంకేతిక పద్ధతులతో ఆధునిక సేద్యపు ప్రదర్శనలు అచ్చట జరిగినవి. 2003లో రాష్ట్రమంతట సూక్ష్మసేద్య పథకము ప్రారంభమైన తరువాత డ్రిప్పు పైపులు పల్లెపల్లెకును చేరినవి. బోరునీటిని తొట్టిలోనో, ప్లాస్టికు పరచిన గుంటలోనో నిలువజేసి డ్రిప్పునకు వదలుట సామాన్యమైనది. ఆ తొట్టి ఎండకు తెరచియున్నచో పాచి పుట్టును. ఎరువునీరు కలసినచో మరింత బలియును. ఆ పాచి పైపులలోనికి పోయి డ్రిప్పర్లను మూసివేయును. సాలు మొదటి మొక్కకు నీరు, చివరి మొక్కకు ఎండ! రైతు బోరును, మోటారును తప్పుపట్టుచుండును. దొంగ మాత్రము తొట్టిలో నుండును.

నారుకు వెలుగు ఎంత అవసరమో తొట్టికి చీకటి అంత అవసరము. తొట్టిపై రేకులు గాని, దట్టమైన నల్లని వలను గాని కప్పవలెను. కప్పుట వలన పాచి తగ్గుటయే గాక నీరు ఆవిరియగుట తగ్గును. పిల్లలు, పశువులు జారిపడు ప్రమాదమును తప్పును. తెల్లని పి.వి.సి. పైపులగుండ కొంత వెలుగు లోపలికి పోవును గనుక వానిని మట్టిలో పూడ్చవలెను. డ్రిప్పు పైపులు నల్లగనుండుటకు కారణములలో వెలుగును ఆపుట ఒకటి. ఎరువుతొట్టిని తెరచి వదలరాదు. తెరచిన తొట్టినీటికి ఇసుక ఫిల్టరును, దాని తరువాత జల్లెడ ఫిల్టరును వాడి, ఇసుక ఫిల్టరును ఎదురునీటితో కడుగుచుండవలెను. పైపుల చివరి మూతలు తీసి నీటిని అప్పుడప్పుడు వదలివేయవలెను.

బ్లీచింగు పొడితో శుభ్రపరచువారు మోతాదును అధికారులనడిగి తెలిసికొని వాడవలెను. దానిని ఆమ్లముతో గాని, ఎరువులతో గాని కలుపరాదు. ఆమ్లముతో కలసిన యెడల విషవాయువు పుట్టి ప్రాణాపాయము కలుగును. చేపలున్న నీటిలోను, పశువులు త్రాగు నీటిలోను మైలుతుత్తము కలుపుట ప్రమాదకరము.

ఉర్లగడ్డకు రెండు నీతులు

కుప్పము, వి.కోట ప్రాంతముల రైతులకు బంగాళాదుంప, అనగా మన ఉర్లగడ్డ, ముఖ్యమైన పైరు. గడ్డ నేలలో పెరుగునదైనను అది వేరు కాదు, కాండము. అందుచే దానికిని వెలుగును గుర్తించు శక్తి గలదు. బోదె పగిలి గడ్డ బయటపడినను, తీసిన గడ్డను వెలుగులో నుంచినను అది పచ్చబడును. నీలికాంతియు, ఎరుపుకాంతియు దీనికి కారణములు. పచ్చదనము స్వయముగ హానికరము కాదు గాని, దానితోపాటు సొలనిన్ మొదలగు విషపదార్థములు పెరుగును. ఉడికించినను అవి పోవు. చీకటిలో మరల నుంచినను తగ్గవు. కావున తిండిగడ్డకు చీకటి కావలెను: మన్ను బాగుగ ఎగదోయవలెను, త్రవ్విన గడ్డను ఎండలో పోయరాదు, గోనెసంచులలో చీకటిగదిలో నుంచవలెను.

విత్తనపుగడ్డ సంగతి ఇందుకు విరుద్ధము. చీకటిలో నుంచిన విత్తనపుగడ్డకు తెల్లని, పొడవైన, నాటునపుడే విరిగిపోవు మొలకలు వచ్చును. ఎండ తగులని మందవెలుతురులో పలుచగ పరచియుంచినచో మొలకలు పొట్టిగ, గట్టిగ, పచ్చగ వచ్చును. తినుటకు పనికిరాని పచ్చదనము విత్తుటకు మేలు చేయును. నారు చెప్పిన నీతియే ఇదియును.

ఒక హెచ్చరిక

నీలికాంతికి ఇంత శక్తి గలదని విని, నీలిదీపములకొరకును, నీలివలలకొరకును పరుగెత్తవలదు. నాలుగు గోడల నడుమ దీపములక్రింద పైరు పెంచు దేశములలో అవి అవసరమే. మనకు ఆరుబయట ఎండ ఉచితముగ వచ్చుచున్నది. అందు కావలసినంత నీలికాంతి కలదు. మనము చేయవలసినది దానిని కొనుట కాదు, అడ్డగింపకుండుట. ఎవరైన వచ్చి ‘ఈ రంగువల కట్టిన దిగుబడి రెట్టింపగును’ అన్నచో, మొదట నాలుగు ట్రేలపై ప్రక్కప్రక్కన పరీక్షించి చూడుడు. కలికిరిలోని కృషి విజ్ఞాన కేంద్రమువారిని గాని, మీ గ్రామములోని రైతు సేవా కేంద్రము వారిని గాని అడుగుడు.

గ్రామాధికారులకు నా మనవి. నారుపోయు కాలమున మీ గ్రామములోని నారుమళ్ల వద్దకు ఒక్కమారు పోయి నీడ ఎంత యున్నదో చూడుడు. బడిలో రాగిమొలకల పరీక్ష చేయింపుడు. పిల్లలు చూచినది ఇంట చెప్పుదురు. ఇంట చెప్పినది తోటకు చేరును.

ఆ పుంగనూరు రైతు ఇప్పుడు చావడి విడిచి బయలున నారు పెంచుచున్నాడు. నీడవల ఒక్కమడతయే, తొట్టిమీద రేకుల కప్పు. మొన్న నన్ను పిలిచి తన ట్రేలను చూపెను. నారు జానెడు కాదు గదా, బెత్తెడు కూడ లేదు. “ఈసారి ఎట్లున్నది సార్?” అని అడిగెను. నేను వెంటనే మెచ్చుకొనలేదు. వంగి, అరచేతితో నారును నిమిరి చూచితిని. చేయి తీయగానే నారంతయు ఒక్కమారుగ లేచి నిలిచినది.